కుటుంబ సెలవులకు క్రూయిజా, థీమ్ పార్క్ రిసార్టా: పోల్చి, నిర్ణయించి, బుక్ చేసుకోవడానికి సమగ్ర మార్గదర్శి

పిల్లలు, పెద్దలు అందరూ కలిసి వారం రోజులు గడపడానికి క్రూయిజ్ (ఓడలో విహారయాత్ర) మేలా, థీమ్ పార్క్ రిసార్ట్ మేలా అని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. ప్రకటనల్లో కనిపించే రెండు ధరలను పక్కపక్కన పెట్టి తేల్చుకుంటే సమాధానం తప్పుగానే వస్తుంది, ఎందుకంటే ఓడ ధరను మనిషికి ఇంత అని, హోటల్ ధరను గదికి ఇంత అని చెబుతారు. ఒకదానిలో భోజనం కలిసి ఉంటుంది, రెండోదానిలో సాధారణంగా ఉండదు.

అసలు తేడా నిర్ణయాల భారం ఎప్పుడు పడుతుందన్న దానిలో ఉంది. క్రూయిజ్‌లో ముఖ్యమైన నిర్ణయాలు చాలావరకు ఓడ ఎక్కకముందే పూర్తవుతాయి. పార్కులో ఏ రైడ్‌కు ముందు వెళ్లాలి, ఎప్పుడు తినాలి, అలసిన బిడ్డను ఎవరు గదికి తీసుకువెళ్లాలి అన్నవి రోజంతా ఎవరో ఒకరు తేల్చుతూనే ఉండాలి. ఆ పని మీ ఇంట్లో ఎవరి మీద పడుతుందో, వారికి కూడా అది సెలవుగా ఉంటుందో లేదో చూసి ఎంచుకోవాలన్నదే ఈ మార్గదర్శికి ఆధారం.

1. ముందుగా, వెళ్లే మనుషుల జాబితా రాసుకోండి

ఓడల కోసం, పార్కుల కోసం వెతకడానికి ముందు ఒక కాగితం మీద అందరి పేర్లూ రాయండి. ప్రతి పేరుకు ఎదురుగా ప్రయాణ తేదీ నాటికి ఉండే వయసు, పిల్లలైతే ఎత్తు, పెద్దలైతే ఆగకుండా నడవగలిగే దూరం, మందులు, మధ్యాహ్నం నిద్ర అవసరమా అన్న వివరాలు రాయండి. సగం నిర్ణయం ఈ కాగితమే చేసిపెడుతుంది.

చంటిపిల్లల విషయంలో ఓడల నియమాలు కచ్చితంగా ఉంటాయి. చాలా కంపెనీలు 6 నెలలు నిండని శిశువులను ఎక్కించుకోవు. మహాసముద్రం దాటే ప్రయాణాలకు, వరుసగా ఎక్కువ రోజులు సముద్రం మీదే సాగే ప్రయాణాలకు 12 నెలలు నిండాలి. పిల్లల క్లబ్బులు సాధారణంగా 3 ఏళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లలనే చేర్చుకుంటాయి. డైపర్ వేసుకునే పిల్లలను, అది ఈత డైపరైనా సరే, పెద్ద ఈతకొలనుల్లోకి రానివ్వరు. వారికోసం ప్రత్యేకంగా కట్టిన నీటి ఆటల చోటు ఉన్న ఓడల్లో మాత్రమే వారు నీళ్లలో ఆడుకోగలరు. 3 ఏళ్లలోపు పిల్లలకు గంటల లెక్కన రుసుము తీసుకునే నర్సరీ డిస్నీ ఓడల్లో ఉంది, కానీ అన్ని ఓడల్లోనూ ఉండదు.

గర్భిణులు మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. ప్రయాణం ముగిసేలోపు 24వ వారంలోకి అడుగుపెట్టేవారిని చాలా కంపెనీలు ఓడ ఎక్కనివ్వవు. బుక్ చేసే రోజున ఎన్ని వారాలని కాదు, దిగే రోజుకు ఎన్ని వారాలవుతాయని లెక్కించాలి.

పార్కుల్లో వయసు కన్నా ఎత్తు ముఖ్యం. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 3 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ అవసరం లేదు, 10 ఏళ్లు నిండితే పెద్దల టికెట్ కొనాలి. అయితే టికెట్ ఉన్నంత మాత్రాన రైడ్ ఎక్కనివ్వరు. అక్కడి సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కు 97 సెంటీమీటర్లు, స్పేస్ మౌంటెన్‌కు 112 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఇంట్లోనే ఎత్తు కొలిచి, బిడ్డ ఇష్టపడే రైడ్లలో ఎన్నింటికి అర్హత ఉందో ముందే చూడండి. వాటిలో సగానికి పైగా అందకపోతే ఆ పార్క్ ప్రయాణాన్ని ఒకటి రెండేళ్లు వాయిదా వేయడమే నయం.

వృద్ధుల విషయంలో రెండు చోట్లా ఒక్కో ఇబ్బంది ఉంది. పార్కులో రోజుకు పది కిలోమీటర్ల నడక అసాధారణం కాదు. ఓడలో నడక తక్కువే గానీ, కొన్ని రేవుల్లో ఓడ ఒడ్డుకు ఆనకుండా సముద్రంలోనే లంగరు వేస్తుంది, అక్కడి నుంచి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాలి. అలల తీరును బట్టి వీల్‌చైర్ వాడేవారిని ఆ పడవల్లోకి ఎక్కించలేకపోవచ్చు. ఈ చిన్న పడవలనే టెండర్ అంటారు, ప్రయాణ పట్టికలో ఆ మాట ఏ రేవు పక్కన ఉందో తప్పకుండా చూడండి.

ఇక నా అభిప్రాయం చెబుతాను. మధ్యాహ్నం నిద్రపోయే చిన్నపిల్లలూ, తాతయ్య అమ్మమ్మలూ కలిసి వెళ్తే క్రూయిజ్ వైపే మొగ్గాలి, ఎందుకంటే గది ఎప్పుడూ కొద్ది నిమిషాల దూరంలోనే ఉంటుంది, అలసిన వారు వెనక్కి వెళ్లినా మిగిలినవారి రోజు చెడిపోదు. ఎత్తు నియమాలన్నీ దాటిన 8 నుంచి 14 ఏళ్ల పిల్లలు, నడవగలిగిన తల్లిదండ్రులు మాత్రమే ఉంటే పార్క్ ఇచ్చే ఉత్సాహం ఓడలో దొరకదు. అంతకన్నా పెద్ద పిల్లలు ఉంటే వారినే అడగండి.

2. రాత్రులను కాదు, పూర్తి రోజులను లెక్కించండి

7 రాత్రుల క్రూయిజ్ అంటే 6 పూర్తి రోజులే. మొదటి రోజు ఓడ ఎక్కేసరికి మధ్యాహ్నం అవుతుంది, చివరి రోజు ఉదయం ఉపాహారం కాగానే దిగిపోవాలి. ఆ 6 రోజుల్లో రేవు రోజులెన్ని, సముద్రం మీదే గడిచే రోజులెన్ని అన్నది విడిగా రాసుకోండి. కొత్త ఊళ్లు చూడాలనుకునేవారికి రేవులు ఎక్కువగా ఉన్న ప్రయాణం, విశ్రాంతి కోరేవారికి సముద్రపు రోజులు ఎక్కువగా ఉన్న ప్రయాణం తగినవి.

రిసార్ట్‌లో 7 రాత్రులు ఉన్నా 6 రోజులూ పార్కులోనే గడపాలని అనుకోవద్దు. రెండు రోజులు పార్క్, ఒక రోజు విశ్రాంతి, మళ్లీ రెండు రోజులు పార్క్ అన్న వరుసను పిల్లలు తట్టుకోగలరు. నాలుగో రోజు కూడా విరామం లేకుండా నడిపించిన పిల్లలు ఎంత ఇష్టమైన చోటైనా ఏడుస్తారు. కాబట్టి పోలికలో ఒకవైపు 6 ఓడ రోజులు, మరోవైపు 4 పార్క్ రోజులు, 2 విశ్రాంతి రోజులు పెట్టండి.

3. ఇంటి గుమ్మం నుంచి గుమ్మం వరకు ఖర్చు లెక్కించండి

ఇదే అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగే చోటు, కాబట్టి దీనికి ఒక సాయంత్రం కేటాయించండి. ఒకే తేదీలకు, ఒకే మనుషులకు రెండు నిలువు వరుసలు గీసి, కింది అంశాలను ఒక్కొక్కటిగా నింపండి.

క్రూయిజ్ వరుసలో:

- క్యాబిన్ ధర. ఇద్దరు పంచుకుంటే మనిషికి ఇంత అని ప్రకటిస్తారు. అదే క్యాబిన్‌లో మూడో, నాలుగో వ్యక్తికి సాధారణంగా తక్కువ పడుతుంది. ఒక పెద్ద, ఒక బిడ్డ మాత్రమే వెళ్తే బిడ్డకూ పెద్దల ధరే పడవచ్చు.
- రేవు పన్నులు, రుసుములు. ఇవి మొదట కనిపించే ధరలో ఉన్నాయో లేదో చూడండి.
- సిబ్బందికి ఇచ్చే టిప్పు. చాలా కంపెనీలు మనిషికి రోజుకు ఇంత అని ఖాతాలో వేస్తాయి, పిల్లలకూ వసూలు చేస్తాయి.
- శీతల పానీయాలు, మద్యం, ప్రత్యేక రెస్టారెంట్లు, వైఫై, ఫొటోలు.
- రేవుల్లో చేసే విహారయాత్రలు. ఖర్చు అంచనాను తలకిందులు చేసేది ఎక్కువగా ఇదే.
- ఓడరేవు వరకు ప్రయాణం, ముందురోజు రాత్రి హోటల్, ప్రయాణ బీమా, వీసాలు.

పార్క్ వరుసలో:

- హోటల్ గది, దానిపై పన్నులు, విడిగా వేసే రిసార్ట్ రుసుము, పార్కింగ్.
- టికెట్లు. పెద్ద పార్కుల్లో తేదీని బట్టి ధర మారుతుంది. రోజుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో రోజుకు పడే ధర తగ్గుతుంది.
- క్యూ తప్పించే పాసులు. రద్దీ రోజుల్లో వీటిని విలాసంగా కాక అవసరంగానే లెక్కించండి.
- రోజుకు మూడు పూటల భోజనం, చిరుతిళ్లు, నీళ్లు.
- విమానాశ్రయం నుంచి హోటల్‌కు, హోటల్ నుంచి పార్కుకు రవాణా.
- స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) అద్దె, లాకర్లు, బొమ్మల దుకాణాల కోసం పిల్లలకు ముందే చెప్పి పెట్టుకున్న మొత్తం.

రెండు మొత్తాలూ వచ్చాక వాటిని మనుషుల సంఖ్యతోనూ, పూర్తి రోజుల సంఖ్యతోనూ భాగించండి. అప్పుడు వచ్చిన రెండు అంకెలే నిజంగా పోల్చదగినవి. నలుగురు ఒకే గదిలో సర్దుకోగలిగితే హోటల్ ఖర్చు తలకు బాగా తగ్గుతుంది, కానీ టికెట్లు, భోజనాలు ఆ ఆదాను తినేయవచ్చు. ఐదుగురు ఉంటే రెండు చోట్లా రెండో గది అవసరం పడవచ్చు, అక్కడే లెక్క మారిపోతుంది.

డబ్బు ఎప్పుడు కట్టాలన్నదీ చూడండి. క్రూయిజ్‌కు ముందు డిపాజిట్ కట్టి, మిగిలినది ప్రయాణానికి సుమారు 75 నుంచి 120 రోజుల ముందే చెల్లించాలి. ఆ తర్వాత రద్దు చేసుకుంటే, తేదీ దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది. హోటల్ గదిని సాధారణంగా అంతకన్నా ఆలస్యంగా కూడా రద్దు చేసుకోవచ్చు. ఉద్యోగంలో సెలవు ఖాయం కాని కుటుంబానికి ఈ ఒక్క తేడా చాలు.

4. కాలం, రద్దీ చూసుకోండి

బడి సెలవుల్లో రెండూ కిక్కిరిసిపోతాయి, కానీ ఆ రద్దీ వేర్వేరు రూపాల్లో తెలుస్తుంది. ఓడలో ఎక్కే మనుషుల సంఖ్యకు పరిమితి ఉంటుంది కాబట్టి రద్దీ ధరలోనూ, ఈతకొలనుల దగ్గరా కనబడుతుంది. పార్కులో క్యూల పొడవులో కనబడుతుంది.

అట్లాంటిక్ తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు ఉంటుంది. ఆ నెలల్లో కరీబియన్ క్రూయిజ్‌లు చవకగా దొరకవచ్చు, కానీ తుఫాను ఎదురైతే ఓడ దారి మార్చుకుంటుంది, రేవులను మార్చే హక్కు ఒప్పందంలోనే కంపెనీకి ఉంటుంది. ఒకే ఒక్క రేవు చూడాలన్న కోరికతో ఆ కాలంలో బుక్ చేయవద్దు. పార్కు ఎక్కడికీ పోదు గానీ, ఫ్లోరిడా వేసవిలో మధ్యాహ్నపు ఉరుములు మామూలే, మెరుపులు దగ్గరలో ఉంటే ఆరుబయటి రైడ్లను ఆపేస్తారు. అందుకే అక్కడ ఆరుబయటి రైడ్లన్నీ ఉదయమే పూర్తి చేయాలి.

5. క్రూయిజ్ ఎంచుకుంటే పాటించాల్సిన వరుస

*పత్రాలు.* ప్రయాణం ముగిసిన తర్వాత కూడా కనీసం 6 నెలలు చెల్లే పాస్‌పోర్టులు అందరికీ ఉండాలి. ఓడ ఆగే ప్రతి దేశానికీ వీసా అవసరమా అని విడివిడిగా చూడండి. బయలుదేరిన దేశానికే ఓడ తిరిగి వస్తుంటే, ఆ దేశం వీసా ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశించడానికి చెల్లేదై ఉండాలి. ఇది చూసుకోకపోతే రేవులోనే ఆగిపోవాల్సి వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లలను తీసుకువెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం ఉంచుకోండి.

*ఓడ, తర్వాత క్యాబిన్.* ముందు ఓడను ఎంచుకోండి, ధర తర్వాత. పిల్లల క్లబ్ వయసు విభాగాలు, చిన్నపిల్లల నీటి ఆటల చోటు, కొలను దగ్గర లైఫ్‌గార్డులు ఉంటారా లేదా అన్నవి చూడండి. లైఫ్‌గార్డులు అన్ని ఓడల్లోనూ ఉండరు. వికారం భయం ఉంటే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో క్యాబిన్ తీసుకోండి, ఊపు అక్కడ తక్కువ. కిటికీలేని క్యాబిన్ చవక, చీకటిగా ఉండి పిల్లలకు నిద్ర బాగా పడుతుంది. చిన్నపిల్లలతో బాల్కనీ తీసుకుంటే కుర్చీలను కటకటాలకు దూరంగా ఉంచి, తలుపు గడియ ఎప్పుడూ వేసి ఉంచాలి.

*రేవుకు ఒక రోజు ముందే చేరడం.* విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ముందురోజు హోటల్ ఖర్చును ప్రయాణంలో భాగంగానే చూడండి.

*ఆన్‌లైన్ చెక్-ఇన్.* తెరిచిన రోజే పూర్తి చేస్తే త్వరగా ఎక్కే వేళ దొరుకుతుంది. అదే సమయంలో పిల్లల క్లబ్‌లో పేర్లు, ఆహారంలో పడని పదార్థాలు నమోదు చేయండి. భోజనానికి రెండు వేళలుంటే చిన్నపిల్లలతో మొదటిదే తీసుకోండి.

*చేతి సంచి.* రేవులో అప్పగించిన పెట్టెలు క్యాబిన్‌కు చేరేసరికి సాయంత్రం కావచ్చు. పాస్‌పోర్టులు, మందులు, ఈత దుస్తులు, ఒక జత బట్టలు, డైపర్లు, ఛార్జర్లు చేతిలోనే ఉండాలి. ఇస్త్రీపెట్టె, విద్యుత్ కెటిల్ తీసుకువెళ్లవద్దు, వాటిని తీసేసుకుంటారు.

*మొదటి రోజు.* ఎక్కగానే మస్టర్ డ్రిల్ పూర్తి చేయండి. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో తెలిపే ఈ కసరత్తు అందరికీ తప్పనిసరి. 2012లో కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ ప్రమాదం తర్వాత అంతర్జాతీయ నియమాలను సవరించి, ఓడ కదలడానికి ముందే, లేదా కదిలిన వెంటనే ఇది జరగాలని నిర్ణయించారు. మీరు చేరాల్సిన చోటుకు పిల్లలను మరోసారి నడిపించి చూపించండి. తర్వాత క్లబ్‌కు వెళ్లి, అక్కడి సిబ్బందితో పిల్లలకు పరిచయం చేయించండి. ఫోన్లను విమానం మోడ్‌లో పెట్టండి. సముద్రం మీద ఉపగ్రహ నెట్‌వర్క్‌కు తగిలితే రోమింగ్ బిల్లు భారీగా వస్తుంది.

*రేవు రోజులు.* ఓడ గడియారం, ఊరి గడియారం వేరుగా ఉండవచ్చు, కాబట్టి చేతి గడియారాన్ని ఓడ సమయానికే ఉంచండి. కంపెనీ నడిపే విహారయాత్ర ఆలస్యమైతే ఓడ ఎదురుచూస్తుంది. మీరే ఏర్పాటు చేసుకున్నదైతే వెళ్లిపోతుంది. సొంతంగా తిరిగేవారు ఎక్కాల్సిన సమయానికి కనీసం గంటన్నర ముందే రేవుకు చేరుకోవాలని నియమం పెట్టుకోండి.

*ఆరోగ్యం.* వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ మీద చేతి శానిటైజర్ బాగా పనిచేయదు, కాబట్టి తినేముందు సబ్బుతోనే కడుక్కోవాలి. వికారం మాత్రలను, ముఖ్యంగా పిల్లల మోతాదును, బయలుదేరే ముందే వైద్యుణ్ణి అడిగి తెచ్చుకోండి. ఓడలో వైద్యం ఉచితం కాదు, అత్యవసరంగా ఒడ్డుకు తరలించాల్సి వస్తే ఖర్చు చాలా పెద్దది; ఆ తరలింపు కూడా వర్తించే బీమా తీసుకోండి.

6. పార్క్ రిసార్ట్ ఎంచుకుంటే పాటించాల్సిన వరుస

*తేదీలు, టికెట్లు, హోటల్.* ఈ మూడింటినీ ఒకే రోజు తేల్చుకోండి. టికెట్లను అధికారిక లేదా గుర్తింపు పొందిన విక్రేతల దగ్గరే కొనండి. రిసార్ట్ సొంత హోటల్ ఖరీదైనదే కావచ్చు, కానీ దానితో వచ్చే సౌకర్యాలకు విలువ కట్టి పోల్చాలి. వాల్ట్ డిస్నీ వరల్డ్ హోటళ్లలో దిగినవారు పార్కులోకి 30 నిమిషాల ముందే వెళ్లవచ్చు, క్యూ తప్పించే లైట్నింగ్ లేన్ పాసులను 7 రోజుల ముందే తీసుకోవచ్చు. బయట దిగినవారికి ఆ పాసులు తీసుకునే అవకాశం 3 రోజుల ముందు మాత్రమే వస్తుంది.

*ముందస్తు తేదీలు క్యాలెండర్‌లో పెట్టడం.* వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో భోజన రిజర్వేషన్లు 60 రోజుల ముందు మొదలవుతాయి. ప్రతి పార్కుకూ ఇలాంటి గడువులు ఉంటాయి. వాటిని అలారంతో సహా ఫోన్‌లో పెట్టుకోండి.

*రోజుకు ఒక ప్రణాళిక.* కుటుంబంలో ఒక్కొక్కరూ తప్పనిసరి అనుకునేది ఒకటి మాత్రమే చెప్పాలి. ముందు ఆ నాలుగైదు పూర్తి చేయండి. మిగిలినవి దొరికితే అదృష్టం.

*ఉదయం.* తెరిచే సమయానికి 45 నిమిషాల ముందు ద్వారం దగ్గర ఉండండి. మొదటి రెండు గంటల్లో ఎక్కగలిగినన్ని రైడ్లు మధ్యాహ్నం నాలుగు గంటల్లోనూ ఎక్కలేరు. పొడవైన క్యూ ఉండే రైడ్‌తోనే మొదలుపెట్టండి.

*మధ్యాహ్నం.* ఎండ, రద్దీ రెండూ ఎక్కువగా ఉండే ఆ వేళకు హోటల్‌కు తిరిగి వెళ్లి నిద్రపోండి, సాయంత్రం మళ్లీ రండి. టికెట్ డబ్బు వృథా అవుతుందని చాలామంది ఈ సలహా వినరు. విశ్రాంతి తీసుకున్న పిల్లలతో గడిపే సాయంత్రం ఆ డబ్బుకు మించిన ఫలితమే ఇస్తుంది. హోటల్ దూరమైతే ఇది సాధ్యం కాదు, అందుకే పార్కుకు దగ్గరలోని చిన్న గది దూరంలోని పెద్ద గది కన్నా మేలు.

*ఎత్తు చాలని బిడ్డ ఉంటే.* పెద్ద పార్కుల్లో రైడర్ స్విచ్ వంటి పద్ధతి ఉంటుంది. ఒకరు ఎక్కి వచ్చేవరకు మరొకరు బిడ్డతో ఆగి, తర్వాత క్యూలో మళ్లీ నిలబడకుండానే ఎక్కవచ్చు. రైడ్ ప్రవేశం దగ్గర సిబ్బందిని అడగాలి.

*తప్పిపోకుండా.* రోజూ ఉదయం పిల్లల ఫొటో తీయండి, ఆ రోజు వేసుకున్న బట్టలు అందులో తెలుస్తాయి. మీ ఫోన్ నంబర్‌ను బిడ్డ చేతికి కట్టండి.

7. రెండూ కలపాలనుకుంటే

ఫ్లోరిడాలో ఇది సులభం. వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు దగ్గరి నగరమైన ఓర్లాండో నుంచి పోర్ట్ కెనావరల్ రేవు రోడ్డు మీద సుమారు గంట దూరం. ముందు పార్క్, తర్వాత ఓడ పెట్టుకోండి. పార్క్ అలసట ఓడలో తీరుతుంది, విమానం ఆలస్యమైనా ఓడ తప్పిపోదు. రెండు పార్క్ రోజులు, 3 లేదా 4 రాత్రుల క్రూయిజ్ చాలు. మొదటిసారి వెళ్లేవారు తమకు ఏది నచ్చుతుందో తెలుసుకోవడానికీ ఇది మంచి పద్ధతి.

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాట్లు

క్రూయిజ్‌లో ప్రతి రేవులోనూ ఖరీదైన విహారయాత్ర కొనేయడం మొదటిది. రెండు రేవుల్లో కొని, మిగిలిన చోట్ల దగ్గరి వీధుల్లో తిరగండి, లేదా ఓడలోనే ఉండండి. అందరూ దిగిపోయిన రోజున కొలనులు ఖాళీగా ఉంటాయి.

పిల్లలు రోజంతా క్లబ్‌లోనే ఉంటారని నమ్మి ప్రయాణ ప్రణాళిక వేసుకోవడం రెండోది. కొందరు పిల్లలు తొలి రోజు అసలు ఉండరు. అరగంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.

పార్కుల్లో ఒకే రోజు రెండు పార్కులు చూసే టికెట్ తీసుకోవడం చిన్నపిల్లలతో వెళ్లేవారికి సాధారణంగా వృథా. ఆ తేడా డబ్బును క్యూ తప్పించే పాసుకు పెట్టండి.

ప్రణాళిక అంతా ఒక్కరి తలలోనే ఉండడం రెండు చోట్లా జరిగే పొరపాటు. రోజుకొకరు బాధ్యత తీసుకునేలా ముందే పంచుకోండి, ఆ రోజు మిగిలినవారు ఎదురు చెప్పకూడదని ఒప్పుకోండి.

9. డిపాజిట్ కట్టే ముందు చూసుకోవాల్సిన జాబితా

- అందరి వయసు, ఎత్తు, ఆరోగ్య నియమాలు సరిచూశాం.
- పాస్‌పోర్టుల గడువు, ప్రతి దేశపు వీసా తెలుసుకున్నాం.
- రెండు నిలువు వరుసలూ నింపి, మనిషికి, పూర్తి రోజుకు ఎంతో లెక్కించాం.
- మిగిలిన సొమ్ము కట్టాల్సిన తేదీ, రద్దు నియమాలు చదివాం.
- వైద్యం, తరలింపు, రద్దు మూడూ వర్తించే బీమా చూశాం.
- సెలవు ఖాయమైంది.
- రోజువారీ నిర్ణయాలు ఎవరు తీసుకుంటారో మాట్లాడుకున్నాం.

వీటిలో ఏ ఒక్కదానికి సమాధానం లేకపోయినా డిపాజిట్ కట్టకుండా ఆగి, ముందు దాన్ని తేల్చుకోండి. రెండు ఎంపికల ఖర్చూ దాదాపు సమానంగా వచ్చి ఇంకా తేలకపోతే, చివరి ప్రశ్నకు సమాధానంగా ఎవరి పేరు వచ్చిందో వారికే నిర్ణయం వదిలేయండి.